విదేశంలో అద్దె కారు: తాళం చేతికి రాకముందే తేల్చుకోవలసినవి

విదేశంలో కారు అద్దెకు తీసుకునేవారు డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా కౌంటర్ దగ్గర, ప్రాణం మీదికి తెచ్చుకునేది మొదటి గంటలో. రెండింటికీ మూలం ఒక్కటే, అలసట. పది పన్నెండు గంటలు విమానంలో కూర్చుని, ఇమ్మిగ్రేషన్ వరసలో నిలబడి, సామాను కోసం పడిగాపులు కాసి కౌంటర్ దగ్గరికి చేరిన మనిషికి చిన్న అక్షరాల ఒప్పందం చదివే ఓపిక ఉండదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, తాళం అందుకుని, తనకు అలవాటు లేని వైపు నడపవలసిన రోడ్డు మీదికి నేరుగా వెళ్లిపోతాడు. అందుకే ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలలో సగానికి పైగా ఇంట్లో స్థిమితంగా కూర్చుని ముగించుకోవలసినవి. కొన్ని నేను నష్టపోయి నేర్చుకున్నవి.

మొట్టమొదట, కారు ఏ రోజు నుంచి అవసరమో నిర్ణయించుకోవాలి. లండన్, పారిస్, టోక్యో వంటి నగరాలలో తిరగడానికి రైలును మించినది లేదు; అక్కడ కారు ఉంటే పార్కింగు వెతకడానికే రోజు సరిపోతుంది. ఐస్‌లాండ్, న్యూజిలాండ్ దక్షిణ దీవి, స్కాట్లాండ్ కొండ ప్రాంతాలు, అమెరికా పశ్చిమాన ఉన్న జాతీయ ఉద్యానవనాలు ఇందుకు పూర్తిగా భిన్నం, అక్కడ సొంత చక్రాలు లేకపోతే చూడదగినవి సగం చూడలేము. నగరం, పల్లె రెండూ కలిసిన యాత్ర అయితే నగరం విడిచే రోజు ఉదయాన కారు తీసుకోవడం ఉత్తమం. దిగిన రోజే విమానాశ్రయంలో తీసుకోవడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లోనే ఒక పరిశోధన చూపింది. చాలా దేశాలలో మద్యం తాగి నడిపేవారిని పట్టుకునే హద్దు సరిగ్గా అదే. ఒక రాత్రి హోటల్లో నిద్రపోయి, మరునాడు నగరంలోని శాఖ నుంచి కారు తీసుకుంటే విమానాశ్రయపు అదనపు రుసుము కూడా తప్పవచ్చు. అయితే ఐరోపాలో ఇటువంటి చిన్న శాఖలు మధ్యాహ్న భోజన సమయంలోనూ ఆదివారాలలోనూ మూసి ఉండడం మామూలే, కాబట్టి పనివేళలు ముందే చూసుకోవాలి.

పర్మిట్టు, బుకింగు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్టు అనేది విడిగా ఒక లైసెన్సు కాదు, మీ లైసెన్సుకు అధికారికమైన అనువాదం మాత్రమే. కాబట్టి అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు. లైసెన్సు ఇచ్చిన దేశంలోనే, అందుకు అధికారం ఉన్న సంస్థ నుంచే, బయలుదేరకముందు తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో ఎవరో అమ్మే ‘అంతర్జాతీయ లైసెన్సు’ పోలీసుల ముందు చిత్తు కాగితంతో సమానం. ఈ పర్మిట్టులో ప్రధానంగా రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఒక సంవత్సరం చెల్లుతుంది, 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది మూడేళ్ల వరకు చెల్లవచ్చు. గడువు ఎక్కువ కదా అని రెండోది పట్టుకుని జపాన్ వెళితే అక్కడ కారు ఇవ్వరు, ఎందుకంటే జపాన్ 1949 రకాన్ని మాత్రమే గుర్తిస్తుంది. చైనా ప్రధాన భూభాగంలో ఈ రెండూ చెల్లవు. వెళ్లే దేశానికి ఏది కావాలో తేల్చుకున్న తరువాతే దరఖాస్తు పెట్టాలి.

బుకింగు చేసేటప్పుడు తెర మీద కనిపించే బొమ్మను నమ్ముకోకూడదు. ఆ బొమ్మ కింద ‘లేదా అటువంటిదే’ అనే మాట ఉంటుంది, ఒప్పందం ఆ మాటకే. మీకు నిజంగా దొరకబోయేదేమిటో చెప్పేది పక్కన ఉండే నాలుగు అక్షరాల సంకేతం. అందులో మొదటి అక్షరం కారు పరిమాణాన్ని, రెండోది దాని ఆకారాన్ని, మూడోది గేర్లను, నాలుగోది ఇంధనాన్నీ ఏసీనీ తెలుపుతాయి. మూడో అక్షరం ‘ఎం’ అయితే గేర్లు చేత్తో మార్చుకోవాలి, ‘ఏ’ అయితే ఆటోమేటిక్. ఐరోపాలో అడగకుండా వచ్చేది ఎక్కువగా చేతి గేర్ల కారే. రోడ్డుకు అలవాటు లేని వైపు నడపబోయేవారు కాస్త ఎక్కువ ఖర్చయినా ఆటోమేటిక్ తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. సీటు ఒక వైపుకు మారి, గేరు మరో చేతికి వచ్చి, ఎదురుగా తెలియని కూడలి ఉన్నప్పుడు మనసుకు ఒక భారమైనా తగ్గాలి. అటువంటి కార్లు తక్కువ సంఖ్యలో ఉంటాయి గనుక వీలైనంత ముందుగా బుక్ చేసుకోవాలి.

పరిమాణం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనుషులు, సామాను పట్టే కార్లలో అతి చిన్నదే మంచిది. కౌంటర్ దగ్గర ‘కొద్ది మొత్తానికే పెద్ద కారు ఇస్తాము’ అని ఊరిస్తారు, ఊరికే ఇస్తామన్నా ఆలోచించే ఒప్పుకోవాలి. ఇటలీ కొండ ఊళ్ల సందుల్లో, ఇంగ్లండులో ఇరువైపులా కంచెలు ఉండి ఒక్క బండికే చోటున్న పల్లె దారుల్లో, జపాన్ ఇరుకు పార్కింగులలో పెద్ద కారు ఒక శిక్ష. డిక్కీలో పట్టని పెట్టెలు వెనుక సీటు మీద పైకి కనిపిస్తూ ఉంటే మాత్రం దొంగలకు పిలుపు ఇచ్చినట్లే, కాబట్టి సామాను కొలత చూసుకునే నిర్ణయించుకోవాలి. వయసు ఇరవై అయిదు నిండనివారికి అదనపు రుసుము ఉండడం, కొన్నిచోట్ల వృద్ధులకు వయఃపరిమితి ఉండడం, సరిహద్దు దాటి మరో దేశంలోకి వెళ్లాలంటే ముందస్తు అనుమతి కావడం, ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో ఇస్తే విడిగా వసూలు చేయడం, ఇవన్నీ బుకింగు షరతులలోనే రాసి ఉంటాయి.

బీమా: ఎక్కువమంది తడబడేది ఇక్కడే

ఇందులో రెండు విషయాలను వేరువేరుగా చూడాలి. మీ వల్ల ఇతరులకు కలిగే నష్టం ఒకటి, అద్దె కారుకే కలిగే నష్టం రెండోది. ఐరోపా దేశాలలో మొదటిదానికి బీమా చట్టప్రకారం తప్పనిసరి, అద్దెలోనే కలిసి ఉంటుంది. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ అద్దెతో వచ్చే రక్షణ కొన్ని చోట్ల ఆ రాష్ట్రం విధించిన కనీస మొత్తమే, అది ఒక తీవ్ర ప్రమాదంలో ఆసుపత్రి ఖర్చుకు ఏ మూలకూ చాలదు. సొంత కారు బీమా అక్కడ లేని విదేశీ యాత్రికుడు ఇతరుల నష్టానికి అదనపు బీమా తప్పకుండా తీసుకోవాలి. ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ మాత్రం చేయవద్దు. కారుకు గీత పడితే పోయేది కొంత డబ్బు, మనిషికి దెబ్బ తగిలితే జీవితాంతం తీర్చవలసిన బాకీ.

రెండోదాన్ని సాధారణంగా ‘కొలిజన్ డ్యామేజ్ వేవర్’ అంటారు. కారు దెబ్బతింటే ఒక మొత్తానికి మించి మిమ్మల్ని అడగబోమని అద్దె సంస్థ ఇచ్చే మాట అది. ఆ మొత్తాన్నే ‘ఎక్సెస్’ అంటారు. ఎక్సెస్ 1,500 యూరోలు అనుకుందాం. నష్టం 6,000 అయితే మీరు 1,500 కడతారు, మిగిలినది వారు చూసుకుంటారు. నష్టం 400 అయితే ఆ 400 మొత్తం మీదే. యాత్రలో జరిగేవి ఎక్కువగా ఈ నాలుగైదు వందల సొట్టలూ గీతలే కాబట్టి, ‘బీమా ఉంది కదా’ అని ధీమాగా ఉన్నవారికి బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. తప్పు అవతలి బండిదే అయినా ముందు మీ కార్డు నుంచే వసూలు చేసుకోవచ్చునని చాలా ఒప్పందాలలో ఉంటుంది.

ఈ ఎక్సెస్‌ను తొలగించుకునే దారులు మూడు ఉన్నాయి. అద్దె సంస్థే రోజుకు ఇంత అని తీసుకుని దాన్ని సున్నా చేస్తుంది; ఖరీదు ఎక్కువ, కౌంటర్ దగ్గర తీసుకుంటే మరీ ఎక్కువ, కానీ ప్రమాదం జరిగితే తాళం ఇచ్చి వెళ్లిపోవచ్చు. వేరే బీమా కంపెనీ నుంచి ఎక్సెస్‌కు మాత్రమే విడిగా పాలసీ కొనవచ్చు. ఇది సాధారణంగా చాలా చవక, అయితే ముందు మీరు చేతి నుంచి కట్టి, రసీదులూ ఫొటోలూ పంపి, తరువాత తిరిగి రాబట్టుకోవాలి. మూడోది కొన్ని క్రెడిట్ కార్డులు ఉచితంగా ఇచ్చే రక్షణ. దీనికి అద్దె మొత్తం ఆ కార్డుతోనే కట్టాలని, అద్దె సంస్థ ఇచ్చే వేవర్‌ను నిరాకరించాలని షరతులు ఉండవచ్చు, కొన్ని దేశాలను, కొన్ని రకాల బండ్లను మినహాయించవచ్చు. వారం దాటిన అద్దెకు నేను రెండో దారిని ఎంచుకుంటాను. కాగితాల వెంట తిరగడం ఇష్టం లేనివారు మొదటిదే తీసుకోవాలి, కానీ అది కౌంటర్ దగ్గర కాకుండా బుకింగులోనే జరగాలి. రెండో దారిలో వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ‘మీ బయటి పాలసీ ఇక్కడ చెల్లదు’ అని కౌంటర్‌లోని ఉద్యోగి అనవచ్చు. ఆ పాలసీ ఉన్నది మీకు డబ్బు తిరిగి ఇవ్వడానికి, దాన్ని ఆ సంస్థ ఒప్పుకోవలసిన అవసరమే లేదు. అయితే వారు డిపాజిట్ కింద కార్డు మీద పెద్ద మొత్తాన్ని ఆపి ఉంచుతారు, దానికి తగిన పరిమితి కార్డులో ఉండాలి. ప్రధాన డ్రైవరు పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డునే అడుగుతారు. డెబిట్ కార్డుతో వెళ్లి, తప్పనిసరిగా వారి బీమా కొనవలసి వచ్చినవారు చాలామంది ఉన్నారు.

సున్నా ఎక్సెస్ తీసుకున్నా కొన్ని నష్టాలు దాని పరిధిలోకి రావు. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పైకప్పు, పోయిన తాళం, తప్పు ఇంధనం పోయడం, ఇవి మినహాయింపులలో తరచుగా కనిపిస్తాయి. ఒప్పందంలో పేరు లేని వ్యక్తి నడిపినా, మద్యం తాగి నడిపినా, నిషేధించిన మట్టిరోడ్డు మీదికి వెళ్లినా కారు నష్టానికి ఉన్న ఈ రక్షణ మొత్తం సాధారణంగా రద్దవుతుంది. ఐస్‌లాండ్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ గాలికి లేచే ఇసుక, అగ్నిపర్వతపు బూడిద కారు రంగును గీరేస్తాయి, అందుకు విడిగా బీమా అమ్ముతారు. తలుపు తెరవగానే ఈదురుగాలి దాన్ని వెనక్కి విరిచేస్తే ఆ ఖర్చు సాధారణంగా యాత్రికుడిదే. అక్కడ తలుపును రెండు చేతులతో పట్టుకుని తెరవాలి, కారును గాలికి ఎదురుగా ఆపాలి. ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే కొండ దారులకు నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండి ఉండాలి, అది ఉన్నా వాగు దాటుతూ ఇంజనులోకి నీళ్లు పోతే సాధారణంగా బీమా ఆదుకోదు.

తాళం తీసుకున్న తరువాత పావుగంట

కారు అప్పగించే చోటు సాధారణంగా వెలుతురు చాలని సెల్లారో, వాన పడుతున్న ఆరుబయలో అయి ఉంటుంది. కదలకముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తూ మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయాలి. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి, నాలుగు తలుపులు, రెండు బంపర్లు, ముందు అద్దం, పైకప్పు, నాలుగు చక్రాల రిమ్ములు, చివరకు ఇంజను వేసి ఇంధనం ముల్లు, తిరిగిన కిలోమీటర్లు, ఇవన్నీ అందులో పడాలి. ఉన్న గీతలు వారి కాగితంలో నమోదు కాకపోతే నమోదు చేయించి, ఆ తరువాతే గేటు దాటాలి.

రిమ్ముల గురించి ఇంత ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి కుడివైపు నడిపే దేశంలో నేను తలుపులూ బంపర్లూ అన్నీ ఫొటోలు తీశాను, చక్రాలను పట్టించుకోలేదు. తిరిగి ఇచ్చిన రోజు అద్దె సంస్థ ఉద్యోగి నేరుగా ముందు కుడి చక్రం దగ్గరికి వెళ్లి, గొంతుకూర్చుని, రిమ్ము అంచు మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చాడు. రెండు వేళ్ల వెడల్పున లోహం గరుకుగా లేచి ఉంది. అది నా వల్ల జరిగిందో, ముందు నుంచే ఉందో ఈరోజుకీ చెప్పలేను, చెప్పలేకపోవడం వల్లనే డబ్బు కట్టాను. అతడు ఆ చక్రం దగ్గరికే ఎందుకు వెళ్లాడో తరువాత అర్థమైంది. కుడి సీటులో కూర్చుని నడపడం అలవాటైన మనిషికి కారు దేహమంతా తన ఎడమవైపు ఉన్నట్లు ఒంటికి తెలిసి ఉంటుంది. ఎడమ సీటులో కూర్చున్నప్పుడు కూడా ఆ లెక్కే పనిచేసి, తెలియకుండానే బండిని కుడి అంచుకు ఒత్తుతాడు. పక్క సీటు వైపు చక్రాలు కాలిబాట అంచును రాసుకోవడం, ఆ వైపు అద్దం ఆగి ఉన్న బండ్లకు తగలడం ఇందువల్లే. మొదటి రోజు పక్కన కూర్చున్నవారు ‘అంచుకు వస్తున్నావు’ అని హెచ్చరిస్తే నొచ్చుకోకుండా వినాలి.

తరువాత కారులో కూర్చుని, కదలకుండా అన్నీ ఒకసారి వాడి చూడాలి. సీటు, మూడు అద్దాలు, లైట్లు, వైపర్లు, హ్యాండ్ బ్రేకు ఎక్కడుంది, రివర్సు గేరు ఎలా పడుతుంది. కొన్ని కార్లలో గేరు రాడ్డు కింద ఉన్న ఉంగరాన్ని పైకి లాగితే తప్ప రివర్సు పడదు, ఇది తెలియక ఇరుకు సందులో చిక్కుకున్నవారు ఉన్నారు. ఎరుపు సిగ్నలు దగ్గర ఇంజను దానంతట అదే ఆగిపోతే కంగారు పడవద్దు, బ్రేకు మీద నుంచి కాలు తీస్తే లేదా క్లచ్ తొక్కితే మళ్లీ మొదలవుతుంది. ఏ దేశంలోనైనా పెడళ్ల వరస మారదు, ఎడమ నుంచి కుడికి క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరే. మారేది ఇండికేటరు. జపాన్, ఆస్ట్రేలియా కార్లలో అది స్టీరింగుకు కుడివైపున ఉంటుంది, ఐరోపా, అమెరికా కార్లలో ఎడమవైపున. అందుకే ఇండికేటరు అనుకుని వైపర్ల మీట నొక్కి, కొత్తవారు మలుపు దగ్గరికి రాగానే ఎండలో వైపర్లు ఆడిస్తూ కనిపిస్తారు. ప్రమాదం వైపర్లు ఆడడంలో లేదు, వాటిని ఆపడానికి కళ్లు కిందికి దించిన ఆ రెండు క్షణాలలో ఉంది. ఆడనివ్వండి, మలుపు పూర్తయ్యాక ఆపవచ్చు.

అలవాటు లేని వైపు

స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఒక్క రోజులో రోడ్డుకు ఎడమవైపు నడపడం నుంచి కుడివైపుకు మారింది, సమోవా 2009 సెప్టెంబరు 7న కుడి నుంచి ఎడమకు మారింది. ఆ దేశాలలో అందరూ ఒకేసారి మారారు, ముందుగా ఎంతో ప్రచారం జరిగింది. యాత్రికుడు మాత్రం అందరూ అలవాటుగా నడుపుతున్న చోట ఒంటరిగా మారాలి.

గుర్తు పెట్టుకోవడానికి ఒక్క సూత్రం చాలు. ఆ దేశపు రోడ్డు కోసమే తయారైన కారులో డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్యగీత వైపు ఉంటాడు, పక్క సీటు రోడ్డు అంచు వైపు ఉంటుంది. ఏ మలుపు తిరిగినా మధ్యగీత నా భుజం పక్కన ఉందా అని చూసుకుంటే చాలు. కుడివైపు నడిపే దేశంలో కుడి మలుపు చిన్నది, ఎడమ మలుపు ఎదురు వాహనాలను దాటి తిరిగే పెద్దది. ఎడమవైపు నడిపే దేశంలో దీనికి తలకిందులు. రౌండబౌట్ అనే గుండ్రటి కూడలిలో కుడివైపు దేశాలలో గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతూ సాధారణంగా ఎడమ నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ఎడమవైపు దేశాలలో ముళ్ల దిశలోనే తిరుగుతూ కుడి నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి.

వాహనాల రద్దీలో ఎవరూ తప్పు వైపు వెళ్లరు, ముందున్న బండి దారి చూపిస్తుంది. తప్పు జరిగేది రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. నాకు అది మూడో రోజు తెల్లవారుజామున జరిగింది. అప్పటికి అలవాటైపోయిందని నమ్మకం కుదిరింది. పల్లె రోడ్డు పక్కన ఉన్న పెట్రోలు బంకులో ఇంధనం పోయించుకుని, రసీదు జేబులో పెట్టుకుంటూ బయటికి వచ్చి, చిన్నప్పటి నుంచి ఎరిగిన వైపుకు బండిని తిప్పాను. ఎదురుగా ఒక్క బండీ లేదు గనుక తప్పని చెప్పేదీ లేదు. మూడు నాలుగు వందల మీటర్లు పోయాక దూరంగా ఒక పాల ట్యాంకరు లైట్లు నా దారిలోనే కనిపించినప్పుడు ఒళ్లు చల్లబడింది. పక్కకు తప్పుకోవడానికి చోటూ సమయమూ ఉన్నాయి కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను. బంకు నుంచి, పార్కింగు నుంచి, ఒంటిదారి వీధి నుంచి బయటికి వచ్చే ప్రతిసారీ, వేకువన బయలుదేరిన ప్రతిసారీ ఆగి, ఏ వైపో పైకి అనుకుని కదలాలి. పక్కన మనిషి ఉంటే ఇద్దరూ అనాలి. కారు దిగి రోడ్డు దాటేటప్పుడు కూడా రెండు వైపులా చూడాలి, ఎందుకంటే కళ్లు పాత అలవాటు ప్రకారం తప్పు వైపే ముందు తిరుగుతాయి.

దేశానికో నియమం

వేగ పరిమితి అంకెలు చూసేముందు అవి మైళ్లా, కిలోమీటర్లా తెలుసుకోవాలి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మైళ్లు. అక్కడ 60 అంటే సుమారు 97 కిలోమీటర్లు. ఐర్లండ్ 2005లో కిలోమీటర్లకు మారింది, ఉత్తర ఐర్లండ్ మారలేదు, కాబట్టి ఆ దీవిలో సరిహద్దు దాటగానే అంకెల అర్థం మారిపోతుంది.

అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడళ్లు కొత్తవారిని తికమక పెడతాయి. అందరూ పూర్తిగా ఆగాలి, ముందు వచ్చి ఆగినవారు ముందు వెళ్లాలి. ఎరుపు సిగ్నలు ఉన్నా పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటే కుడికి తిరగడం చాలాచోట్ల చెల్లుతుంది, న్యూయార్క్ నగరంలో మాత్రం ప్రత్యేకంగా అనుమతించే బోర్డు ఉంటే తప్ప చెల్లదు. ఎర్ర దీపాలు వెలిగించుకుని ఆగిన పసుపు పచ్చని స్కూలు బస్సును దాటడం తీవ్రమైన నేరం, మధ్యలో విభాగిని లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవారు కూడా ఆగాలి. పోలీసు కారు వెనుక దీపాలు వెలిగిస్తే రోడ్డు పక్కకు తీసి ఆపి, లోపలే కూర్చుని, చేతులు స్టీరింగు మీద కనిపించేలా ఉంచాలి, దిగి ఎదురు వెళ్లకూడదు.

జర్మనీలో ఆటోబాన్ అనే హైవేల మీద వేగ పరిమితి లేని చోట్ల కూడా సిఫారసు చేసిన వేగం 130 కిలోమీటర్లు. ఎడమ లేను దాటిపోవడానికే, దాటగానే కుడికి రావాలి, కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయడం నిషేధం. ట్రాఫిక్ నిలిచిపోయే సూచన కనిపించగానే ఎడమ చివరి లేనులోనివారు ఎడమకు, మిగిలినవారంతా కుడికి జరిగి అంబులెన్సుకు నడుమ దారి విడవాలి. అంబులెన్సు వచ్చాక కాదు, రాకముందే. ఫ్రాన్సులో బోర్డు ఏదీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చే చిన్న సందులోని బండికి కూడా ముందు దారి హక్కు ఉంటుంది. తెల్ల అంచుతో పసుపు డైమండు ఆకారపు బోర్డు కనిపిస్తే మాత్రం మీరున్న రోడ్డుదే హక్కు. న్యూజిలాండ్‌లో ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు చాలా ఉన్నాయి, బోర్డు మీద మీ వైపు బాణం చిన్నగా ఎర్రగా ఉంటే మీరే ఆగాలి. జపాన్‌లో రైల్వే గేటు తెరిచే ఉన్నా పట్టాల ముందు తప్పనిసరిగా ఆగి, చూసి, దాటాలి. ఆస్ట్రేలియాలో సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి, జనావాసాలు లేని ప్రాంతాలలో రాత్రి నడపకూడదని అక్కడి అద్దె ఒప్పందాలలోనే తరచుగా ఉంటుంది. మద్యం విషయంలో దేశదేశాల హద్దులు వెతకడం కన్నా సున్నా అనుకోవడమే మంచిది, చెక్, హంగరీ, స్లొవేకియా దేశాలలో చట్టం కూడా అదే అంటుంది.

అద్దె కారు యాత్రికులకు ఇటలీ పెట్టే పరీక్ష వేరు. అక్కడి పాత నగరాల నడిబొడ్డుకు పరిమిత ప్రవేశ మండలాలు ఉన్నాయి. తెల్లని వృత్తం, చుట్టూ ఎర్రని అంచు, ‘జోనా ఎ ట్రాఫికో లిమిటాటో’ అనే మాట, ఇదే హెచ్చరిక. గేటు ఉండదు, కాపలా మనిషి ఉండడు, కెమెరా మాత్రమే ఉంటుంది. ‘వార్కో ఆత్తివో’ అని దీపం వెలుగుతూ ఉంటే కెమెరా పని చేస్తోందని అర్థం, లోపలికి వెళ్లకూడదు. దారి చూపే యాప్ ఈ సంగతి చెప్పకుండానే లోపలికి తీసుకుపోవచ్చు. హోటలు ఆ మండలంలోనే ఉంటే ముందుగా వారికి కారు నంబరు ఇచ్చి, నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేయగలరా అని అడగాలి. లేదంటే బయటి పార్కింగులో వదిలి నడిచి వెళ్లాలి, నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

ఇంధనం, టోలు

బంకు దగ్గర మాటలు మోసం చేస్తాయి. స్పెయిన్‌లో ‘గసోలీనా’ పెట్రోలు, ‘గసోలియో’ డీజిల్. ఇటలీలో ‘బెంజీనా’ పెట్రోలు, ‘గజోలియో’ డీజిల్. ఫ్రాన్సులో ‘గజోల్’ అంటే డీజిలే. గ్యాసోలిన్ అనే అమెరికా మాట చెవిలో ఉన్నవారు ఈ మూడు దేశాలలోనూ డీజిల్ పోసుకునే అవకాశం ఉంది. పైపు రంగును కూడా నమ్మకూడదు, అది దేశానికో రకంగా ఉంటుంది. ఐరోపా సమాఖ్యలో 2018 అక్టోబరు నుంచి పంపుల మీదా కొత్త కార్ల ఇంధనపు మూత దగ్గరా ఒకే గుర్తులు పెడుతున్నారు, పెట్రోలుకు వృత్తం, డీజిల్‌కు చతురస్రం. రెండూ సరిపోల్చి చూసుకుంటే పొరపాటు జరగదు. ఒకవేళ తప్పు ఇంధనం పోస్తే ఇంజను వేయకుండా సంస్థకు ఫోను చేయాలి. వేయకపోతే ట్యాంకు కడిగితే సరిపోవచ్చు, వేస్తే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

టోలు పద్ధతి గురించి కారు తీసుకున్న చోటే అడగాలి. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా హైవేల మీదికి వెళ్లాలంటే ‘విన్యెట్’ అనే అనుమతి కావాలి. మీ కారుకు అది ఉందో లేదో సరిహద్దుకు చేరకముందే తెలుసుకోవాలి. ఇటలీ టోలు గేట్లలో పసుపు గుర్తున్న లేను ముందే చందా కట్టినవారిది, అందులో దూరకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర 2013 నుంచి నగదు తీసుకోవడమే లేదు, కెమెరా నంబరు చదువుతుంది. ఇటువంటి చోట్ల అద్దె సంస్థ టోలుతో పాటు తన సేవా రుసుము కూడా కలుపుతుంది, అది ఒక్క వంతెన దాటినందుకా, అద్దె రోజులన్నిటికా అన్నది ఒప్పందంలో చూడాలి.

ప్రమాదం జరిగితే, కారు తిరిగి ఇచ్చేటప్పుడు

చిన్న ప్రమాదమైనా ముందు మనుషుల క్షేమం, తరువాత ఫొటోలు, ఆపై పోలీసులు. ఐరోపా సమాఖ్య అంతటా అత్యవసర నంబరు 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000, న్యూజిలాండ్‌లో 111. పోలీసు నివేదిక లేకపోతే బీమా చెల్లదని చాలా ఒప్పందాలు చెబుతాయి కాబట్టి, అవతలివారు ‘మనలో మనం తేల్చుకుందాం’ అన్నా ఒప్పుకోకూడదు. ఐరోపాలో డాష్‌బోర్డు అరలో ప్రమాద వివరాల ఉమ్మడి పత్రం ఉంటుంది. ఏ భాషలో అచ్చయినా అందులోని గళ్ల వరస ఒక్కటే, మీకు తెలిసిన భాషలోని ప్రతిని ఫోనులో ఉంచుకుంటే ఏ గడి ఏమిటో పోల్చుకోవచ్చు. అర్థం కానిదాని మీద మాత్రం సంతకం పెట్టవద్దు. అద్దె సంస్థకు చెప్పకుండా సొంతంగా మరమ్మతు చేయించడం కూడా తప్పే.

తిరిగి ఇచ్చే రోజున తొందర ఉండకూడదు. అద్దె రోజును తీసుకున్న గంట నుంచి లెక్కిస్తారు, స్వల్ప వెసులుబాటు దాటితే మరో రోజు అద్దె పడుతుంది. నిండు ట్యాంకుతో తీసుకున్నది నిండు ట్యాంకుతోనే ఇచ్చే పద్ధతి అన్నిటికన్నా నిక్కచ్చి అయినది, దగ్గరలోని బంకు రసీదు దాచుకోవాలి. ఉద్యోగి ఎదుట కారు చూపించి, నష్టం లేదని కాగితం తీసుకోవాలి. పనివేళలు దాటాక తాళం పెట్టెలో వేసి వెళితే, మరునాడు వారు వచ్చి చూసేవరకు ఆ కారుకు మీరే పూచీ కావచ్చు, కాబట్టి అక్కడే మరో వీడియో తీయాలి. కారు తెరలో మిగిలిన మీ ఫోను నంబర్లు, వెళ్లిన చిరునామాలు చెరిపేయాలి. కార్డు మీద చెల్లించేటప్పుడు మీ దేశపు కరెన్సీలో కట్టమంటారా అని యంత్రం అడిగితే వద్దని స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి, మారకపు రేటు మీ బ్యాంకు వేసేదే సాధారణంగా మెరుగు.

ఇంటికి చేరాక కార్డు ఖాతాను కొన్ని నెలలు గమనిస్తూ ఉండాలి. కెమెరాకు చిక్కిన తప్పుకు మొదట వచ్చేది జరిమానా కాదు, మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు అద్దె సంస్థ వసూలు చేసే రుసుము. అసలు జరిమానా కాగితం తరువాత వస్తుంది. ఇటలీ చట్టం విదేశాలలో ఉండేవారికి ఆ కాగితం పంపడానికి 360 రోజుల గడువు ఇస్తోంది. కాబట్టి ఒప్పందం, రసీదులు, ఆ రెండు వీడియోలు కనీసం ఒక ఏడాది పాటు చెరపకుండా ఉంచుకోవాలి.